ఎవోకి ఇథనాల్ పోసే ముందు

అరే దోస్త్,

నీ ఉత్తరం అందగానే జవాబు రాద్దామనుకున్నాను, షెడ్డులో పని తెమల్లేదు. ఇంట్లో అందరం బాగున్నాం. బాసర దాకా వచ్చి, పక్కనే మహారాష్ట్రలో ఉన్న ధర్మాబాద్‌లో మా ఇంటికి రాకుండా వెళ్ళిపోయావని అమ్మకి ఇంకా కోపం పోలేదు, ఆ సంగతి నువ్వే చూసుకో. ఇక్కడ చెరకు హంగాం, అదే కోతల సీజన్, జోరు మీద ఉంది. నాందేడ్ నుంచి ఊరికి వచ్చే దారంతా రెండేసి ట్రాలీలు కట్టుకున్న ట్రాక్టర్లే. కొన్నింటికి వెనక లైట్లు కూడా ఉండవు. రాత్రిపూట మాత్రం ఆ బండేసుకుని రాకు.

మిత్సుబిషి లాన్సర్ ఎవో టెన్ కారు కొన్నావని చదివి ఎంత సంబరపడ్డానో! కాలేజీలో నోటుబుక్కు వెనక అట్ట మీద ఆ బండి బొమ్మే గీసేవాడివి. రెండు లీటర్ల టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకూ పవర్. కంపెనీ తయారీ ఆపేసి ఏళ్ళయింది కాబట్టి, ఆ ఇంజిన్‌కి ఏదైనా అయితే ఇంకోటి దొరకడం గగనం. నా ఆదుర్దా అంతా అదే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మీ ట్యూనర్ "ఇంజెక్టర్లు మార్చి ఈ85 మ్యాప్ వేస్తే 400 హెచ్‌పీ" అన్నాడని రాశావు. ఈ85 అంటే 85 శాతం ఇథనాల్, మిగతాది పెట్రోలు. మ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో దానికి తగ్గట్టు వేసే లెక్కల పట్టిక. 400 వస్తుందన్న మాట నిజమే. కానీ అతను ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర మొదలుపెట్టాడు చూడు, నాకు అక్కడే భయం వేసింది. ట్యాంకు అడుగు నుంచి నాజిల్ దాకా దారి మొత్తం లెక్క కట్టనిదే ఆ బండిలో ఇథనాల్ పొయ్యకూడదు. ఇంకొకటి, మన దగ్గర ఈ85 అని బోర్డు పెట్టుకున్న బంకు ఏదిరా? దొరికినదాన్ని పోస్తే అందులో ఇథనాల్ ఎంత ఉందో బండి తనంతట తాను కొలుచుకునేలా కట్టించాలి. నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు కాబట్టి నీకు ఇది మరీ అవసరం.

ఇథనాల్ ఎందుకు మంచిదో నీకు తెలుసు, అయినా అంకెలతో చెప్తాను. ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది. ఆవిరయ్యేటప్పుడు కిలోకి పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడిని లాక్కుంటుంది, కాబట్టి సిలిండర్‌లోకి వెళ్ళే గాలి చల్లబడుతుంది. టర్బో ఇంజిన్‌కి ఇంతకంటే ఏం కావాలి? బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచినా నాక్ రాదు, అంటే ఇంధనం వేళ కాని వేళ పేలదు, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరపొచ్చు. స్వీడన్ కార్ల కంపెనీ కోనిగ్‌సెగ్ వాళ్ళ సీసీఎక్స్ పెట్రోలు మీద 806 హెచ్‌పీ ఇచ్చేది, ఈ85 కోసం తయారైన సీసీఎక్స్ఆర్ 1018 ఇచ్చింది. అంత తేడా ఉంది మరి.

చిక్కంతా పరిమాణంలో ఉంది. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే ఇథనాల్‌లో 21. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ85కి 9.8 దగ్గర, స్వచ్ఛమైన ఇథనాల్‌కి 9 చాలు. అంటే పీల్చే గాలి అంతే ఉన్నా, పోయాల్సిన ఇంధనం బాగా పెరుగుతుంది. నీ 400 హెచ్‌పీకే లెక్క వేశాను. పెట్రోలు మీద అయితే ఫుల్ లోడులో గంటకి 145 లీటర్లు పారాలి. ఈ85 మీద 185 నుంచి 190 లీటర్లు. నాలుగు సిలిండర్లకి పంచి, ఇంజెక్టర్ 85 శాతం కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదన్న నియమం పెట్టుకుంటే, పెట్రోలుకి నిమిషానికి సుమారు 710 సీసీ పోసే ఇంజెక్టర్ సరిపోయేచోట ఇథనాల్‌కి 930 పైన ఉండాలి. అందుకే అందరూ 1000, 1050 సీసీలు వేస్తారు. ఇక్కడిదాకా మీ ట్యూనర్‌దీ నాదీ ఒకటే మాట.

మరి ఆ 190 లీటర్లని ఇంజెక్టర్ దాకా తోసేదెవరు? పంపు డబ్బా మీద రాసే అంకె తక్కువ ప్రెషర్ దగ్గరిది. బూస్ట్ 1.5 బార్ ఉన్నప్పుడు, రెగ్యులేటర్ దానికి సమానంగా ఇంధనం ప్రెషర్ పెంచాలి కాబట్టి ఇంజెక్టర్లకి ఇంధనం పంచే గొట్టంలో (రైలు అంటాం) 3 బార్ కాస్తా 4.5 అవుతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది. వోల్టేజ్ తగ్గితే ఇంకా తగ్గుతుంది. ఫ్యాక్టరీ వైరింగ్ సన్నగా, ఎక్కడెక్కడో తిరిగి వెనక ట్యాంకు దాకా వస్తుంది. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉన్నా పంపు దగ్గరికి వచ్చేసరికి 12 కూడా ఉండకపోవచ్చు.

పోయిన ఏడాది మా షెడ్డుకి ఒక టర్బో సెడాన్ వచ్చింది. ఎక్కడో ఇంజెక్టర్లు మార్పించి, ఇథనాల్ కలిపి తోలుతున్నారు. "పై గేర్లలో ఒక్క క్షణం పట్టేసినట్టు అవుతోంది" అన్నాడు ఓనరు. నడిపేటప్పుడు బండి కంప్యూటర్ రాసుకున్న రికార్డు (లాగ్) తీసి చూశాం. మూడో గేరులో 5000 ఆర్‌పీఎం దాకా రైలు ప్రెషర్ బూస్ట్ వెంటే పెరుగుతోంది. ఆ తర్వాత బూస్ట్ అలాగే నిలబడి ఉంటే ప్రెషర్ మాత్రం జారిపోతోంది. 4.5 ఉండాల్సిన చోట 3.8. అదే సమయంలో ఇంధనం తక్కువై మిశ్రమం పల్చబడుతోంది. హెడ్ విప్పి పిస్టన్లు బయటికి తీశాం. రెండో సిలిండర్ పిస్టన్‌లో పై రింగుకీ రెండో రింగుకీ మధ్య అంచు చేతి గోరంత ముక్క ఊడిపోయి ఉంది. ఇంజెక్టర్లు మాత్రం కొత్తవి, తళతళలాడుతున్నాయి. పంపు పాతదే. వైరింగ్ ఫ్యాక్టరీదే.

కాబట్టి నీ డబ్బు ముందు పంపు మీద పెట్టు. వాల్‌బ్రో 450 లాంటిది, ఇథనాల్‌కి పనికొస్తుందని తయారీదారే చెప్పింది. పాత 255 పెట్రోలు పంపులు చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి పోకు. పంపుకి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, ఫ్యూజు, రిలే. మంచి ఎర్తు. ఈ పని చూడ్డానికి ఏమీ ఉండదు, ఎవరికీ చూపించుకోలేం కూడా, కానీ బండి ప్రాణం అక్కడే ఉంది. పంపు నుంచి వచ్చేది పెరిగితే తిరిగి ట్యాంకులోకి పోయే దారి కూడా దాన్ని మోయగలగాలి. లేకపోతే ఐడిల్‌లో ప్రెషర్ దిగదు. అందుకని రెగ్యులేటర్ కూడా చూసుకోవాలి. రైలు మీద ఒక ప్రెషర్ సెన్సర్ పెట్టించి, ప్రెషర్ అనుకున్నదానికంటే పడితే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, బూస్ట్ కోసేసేలా చెయ్యమను. ఈ ఒక్కటీ ఉండి ఉంటే ఆ సెడాన్ పిస్టన్ బతికేది.

గొట్టాల దగ్గర కూడా చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పాత నైట్రైల్ రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బి, మెత్తబడి, పగుళ్ళిస్తుంది. బయటి లైనుకి లోపల టెఫ్లాన్ పొర ఉన్న హోస్ వేయించు, ఓ-రింగులు విటాన్‌వి. ట్యాంకు లోపల పంపుకి కట్టే చిన్న ముక్క ఉంటుంది చూడు, అది వేరే రకం. మామూలు ఫ్యూయల్ హోస్ లోపలి పొర ఇంధనాన్ని తట్టుకుంటుంది కానీ బయటి పొర మునిగి ఉండడానికి చేసింది కాదు. దానికి జే30 ఆర్10 అని ముద్ర ఉన్న, మునిగినా ఏమీ కాని గొట్టం కావాలి. బెత్తెడు ముక్క. అది వదులైతే పంపు ఎంత పోసినా ట్యాంకులోనే తిరుగుతుంది. పూత లేని అల్యూమినియం, జింకు భాగాలు కూడా వద్దు, నీళ్ళు కలిసిన ఇథనాల్ వాటిని తినేస్తుంది.

ఇంజెక్టర్ల గురించి ఒక్క మాట. పెద్దవి వేస్తే ఐడిల్ పాడవుతుందని భయపెడతారు. మంచి కంపెనీవైతే పాడవదు. కరెంటు అందిన క్షణానికీ నిజంగా తెరుచుకునే క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, డెడ్ టైమ్ అంటాం. అది వోల్టేజ్‌తో మారుతుంది. ఆ పట్టిక ఇంజెక్టర్లతో పాటు ఇచ్చేవాళ్ళ దగ్గరే కొను. పట్టిక లేని చవక సరుకు ఎంత ట్యూన్ చేసినా కుదురుకోదు.

ఇక ఇథనాల్ సెన్సర్. ఇంధనం లైనులో వరసగా కూర్చుంటుంది. ఇథనాల్ శాతాన్ని బట్టి 50 నుంచి 150 హెర్ట్జ్ దాకా సిగ్నల్ ఇస్తుంది. 50 అంటే ఇథనాల్ అసలు లేదు, 150 అంటే మొత్తం ఇథనాలే. ఇంధనం వేడి ఎంతో కూడా అదే తీగ మీద చెప్తుంది. ఈసీయూ దాన్ని చదివి ఇంధనం, టైమింగ్, బూస్ట్ మూడింటినీ సర్దుకుంటుంది. నీ ఈసీయూలో ఆ సిగ్నల్ చదివే దారి ఎలా చేస్తాడో ట్యూనర్‌ని ముందే అడుగు. "రెండు మ్యాపులు వేసి ఇస్తాను, స్విచ్ నొక్కుకో" అంటే ఒప్పుకోకు. ట్యాంకులో సగం ఇది, సగం అది ఉన్నప్పుడు ఏ స్విచ్ నొక్కుతావు?

నీ అసలు ప్రశ్నకి వస్తాను. "మీది చెరకు ఊరు, ఫ్యాక్టరీ నుంచి రెండు క్యాన్లు ఇప్పించరా" అన్నావు. కుదరదు దోస్త్. డిస్టిలరీ నుంచి బయటికొచ్చే ప్రతి చుక్కా ఎక్సైజ్ లెక్కలో ఉంటుంది, సీలు వేసిన ట్యాంకర్లలో ఆయిల్ కంపెనీల డిపోలకి పోతుంది. క్యాన్లలో ఎవరైనా ఇస్తామంటే అది దొంగ సరుకు, అందులో నీళ్ళెంతో ఎవరికీ తెలీదు. మామూలు బట్టీలో ఎంత కాచినా ఇథనాల్ 95, 96 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నీళ్ళని మాలిక్యులర్ సీవ్ అనే సన్నటి జల్లెడ లాంటి పదార్థంతో లాగితేనే పెట్రోల్లో కలపడానికి పనికొస్తుంది.

సక్రమమైన దారి ఉంది. 2024 మార్చిలో ఇండియన్ ఆయిల్ ఇథనాల్ 100 మొదలుపెట్టింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, తమిళనాడు, ఢిల్లీ కలిపి 183 బంకుల్లో. ఆ జాబితాలో తెలంగాణ లేదు. పేరుకి వంద అన్నా ఇథనాల్ 93 శాతం పైచిలుకు, పెట్రోలు 5 శాతం, మిగతాది రెండూ విడిపోకుండా పట్టి ఉంచే ద్రావకం. నువ్వు ఇటు వచ్చినప్పుడు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని అది పోయించుకుంటావు, అక్కడ ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పోయించుకుంటావు. రెండూ ట్యాంకులో కలుస్తాయి. సెన్సర్ ఎందుకని అడిగావు కదా, ఇందుకు.

బంకులో పోసినదాని మీద అనుమానం వస్తే ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 10 నీళ్ళు, 90 ఇంధనం పోసి, మూత బిగించి బాగా కుదుపు. కాసేపటికి ఇథనాల్ అంతా నీళ్ళలోకి దిగుతుంది, పైన పెట్రోలు తేలుతుంది. ఈ20 అయితే కింది పొర 10 నుంచి సుమారు 28కి పెరుగుతుంది. నేను షెడ్డులో ప్రతి కొత్త బండికీ చేస్తాను. ఆ గీత పైకి జరగడం చూస్తుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

మైలేజ్ పడుతుంది, పావు వంతు పైనే. హైదరాబాద్ నుంచి మా ఊరికి వచ్చి మళ్ళీ వెళ్ళడానికి ఒక్క ట్యాంకు చాలదనుకో. మొదటి కొన్ని వారాల్లో ఫిల్టర్ రెండుసార్లు మార్చు. ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న జిగురునంతా ఇథనాల్ కడిగి తెస్తుంది, ఫిల్టర్ విప్పితే బెల్లం పాకంలా గోధుమరంగులో కారుతుంది. మా దగ్గర డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చలికి ఇథనాల్ సరిగా ఆవిరవ్వదు, స్టార్టింగ్ కష్టమవుతుంది. పెట్రోలు పాలు కాస్త పెంచుకో. చలిలో దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తే ఇంజిన్ ఆయిల్లో ఇథనాల్ చేరుతుంది, కాబట్టి ఆయిల్ మామూలు కంటే ముందే మార్చు. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి, అంటే వేడిని త్వరగా వదిలే రకం, వెయ్యి. బండి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి పెట్రోలు పోసి కాసేపు నడిపి పెట్టు, గాల్లో తేమని ఇథనాల్ లాక్కుంటుంది. ఇంకొకటి, పగటి వెలుగులో ఇథనాల్ మంట సరిగ్గా కనపడదు. లీకేజీ వాసన వచ్చిందంటే అక్కడికక్కడే ఇంజిన్ ఆపెయ్యి.

ఆర్సీలో ఇంధనం పెట్రోలు అని ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిలో మార్పులు చెయ్యకూడదు. మొదలుపెట్టక ముందే ఆర్టీవోలోనూ, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా కనుక్కో.

నాకు ఈ ఇంధనం మీద ఎందుకింత మమకారమని అనుకుంటావేమో. మా బాబాయి పొలం చెరకు ఆ ఫ్యాక్టరీకే పోతుంది. 2023 డిసెంబర్‌లో చెరకు రసంతో ఇథనాల్ చెయ్యొద్దని కేంద్రం ఆపినప్పుడు ఊళ్ళో ఎంత టెన్షన్ పడ్డారో కళ్ళారా చూశాను. మన నేలలో పండినది నీ ఎవో ఇంజిన్‌లో మండుతుందంటే నాకు గర్వమే. ఆ ఇంజిన్ దాన్ని తట్టుకుని పదేళ్ళు నడవాలి, అంతే.

పెద్ద టర్బో సంగతి ఇప్పుడు ఎత్తకు. ముందు పంపు, వైరింగ్, గొట్టాలు, ప్రెషర్ సెన్సర్, ఇథనాల్ సెన్సర్. వీటితో పెట్రోలు మీదే కొన్నాళ్ళు నడిపి లాగ్ రికార్డులు చూద్దాం. అంతా నిలకడగా ఉంటే ఇంజెక్టర్లూ ట్యూనూ. సంక్రాంతికి మూడు రోజులు సెలవు పెట్టుకుని బండితో రా, షెడ్డులో లిఫ్ట్ ఖాళీగా పెట్టిస్తాను. పంపు ఆర్డర్ పెట్టక ముందు నీ బండిలో ఇప్పుడున్న పంపు మీది నంబరూ, మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తీసిన లాగ్ రికార్డూ నాకు వాట్సాప్ చెయ్యి.

నీ దోస్త్,
ధర్మాబాద్ నుంచి