ఆసుపత్రిలో మా పక్కన కూర్చున్న పెద్దావిడకు కృతజ్ఞతలు

ఇల్లు చేరి పాపను పడుకోబెట్టేసరికి తెల్లవారింది. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ, అత్యవసర విభాగం బయట మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడకు కృతజ్ఞతలు చెప్పకుండా నిద్రపోవాలనిపించడం లేదు. ఆవిడ పేరు మాకు తెలియదు. ఈ మాటలు ఎవరి ద్వారానైనా ఆవిడ దాకా చేరతాయన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను.

నా స్నేహితురాలి ఐదేళ్ళ కొడుకు, మూడేళ్ళ మా అమ్మాయిని రెండు మణికట్లూ పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఇద్దరూ పకపకా నవ్వుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి పాప ఏడుపు అందుకుంది. ఎడమ చేయి పొట్టకు ఆనించుకుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మోచేతి దగ్గర ఎముక కొన, దాన్ని చుట్టి పట్టుకునే స్నాయువులోంచి కాస్త జారిందని, చిన్నపిల్లలను చేయి పట్టి లాగినా, ఎత్తినా, తిప్పినా ఇలా జరుగుతూ ఉంటుందని, ఐదేళ్ళు దాటేసరికి ఆ స్నాయువు గట్టిపడి ఈ బెడద తగ్గుతుందని డాక్టరుగారు తర్వాత వివరించారు. ఆయన చేయి తిప్పి, మడిచి కీలు సర్దిన కొద్దిసేపటికే పాప ఆ చేత్తోనే నా కళ్ళజోడు లాగింది.

అంత చిన్న పనికి రాత్రంతా ఎందుకు పట్టిందో మాత్రం ఎవరూ వివరించలేదు. ఒక కిటికీ దగ్గర పేరు రాయించాలి, మరో కిటికీ దగ్గర డబ్బు కట్టాలి, ఆ రసీదు తెచ్చి మళ్ళీ మొదటి కిటికీలో చూపించాలి. ముందు బిడ్డను చూసి ఆ తర్వాత రాసుకుంటే ఏం పోతుంది? పైగా కాగితాలు నింపే వ్యక్తి, నలుగురూ వింటుండగా, "చేయి లాగింది ఎవరు?" అని గద్దించాడు. నా స్నేహితురాలి ముఖం పాలిపోయింది. పిల్లవాడు తల్లి వెనక నక్కాడు. ఆమె కొడుకును కొట్టబోవడం, "పోనీలే, పిల్లలాట" అని నేను ఆపడం, ఆ తర్వాత ఇద్దరమూ ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోలేకపోవడం, అన్నీ అక్కడే జరిగాయి.

అప్పుడు ఆ పెద్దావిడ, తన చేతికే కట్టు ఉన్నా, మెల్లగా నేల మీద కూర్చుని పిల్లవాడిని దగ్గరకు పిలిచారు. క్షమాపణ చెప్పమనలేదు. "నా వేలు గట్టిగా పట్టుకో నాన్నా. ఊఁ, ఇప్పుడు మెత్తగా పట్టుకో. చూశావా, నీకు రెండూ వచ్చు" అన్నారు. అంతవరకు రాయిలా బిగుసుకుపోయిన పిల్లవాడు ఆవిడ ఒడిలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. దెబ్బ తగిలిన బిడ్డను అందరమూ చూస్తున్నాము గానీ, భయపడిన బిడ్డను చూసింది ఆవిడ ఒక్కరే.

ఎన్నో ఏళ్ళు చిన్న తరగతులకు పాఠాలు చెప్పారట. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నప్పుడు చేతులను కాకుండా ముఖాలను చూడమన్నారు. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు ఉందా, కింద పడేవాళ్ళు మారుతున్నారా, పెద్దవాడు తన బలాన్ని తానే తగ్గించుకుంటున్నాడా, విడిపోయాక మళ్ళీ దగ్గరకు వస్తున్నారా అని గమనిస్తే ఆటకూ కొట్లాటకూ తేడా తెలిసిపోతుందన్నారు. పిల్లల పెనుగులాటను అధ్యయనం చేసిన పీటర్ స్మిత్, ఆంథొనీ పెల్లెగ్రినీ వంటి పరిశోధకులు చెప్పిన గుర్తులూ దాదాపు ఇవేనని ఇంటికి వచ్చాక చదివి ఆశ్చర్యపోయాను. అయితే నవ్వులాటలోనూ చేయి జారవచ్చు కనుక, మణికట్టు పట్టి తిప్పడం, మెడ పట్టుకోవడం మాత్రం ఎంత సరదాగా ఉన్నా వద్దనాలన్నారు ఆవిడ.

మా ఇద్దరికీ ఆవిడ చెప్పిన మాట మరింత విలువైనది. స్నేహితుల మధ్య ఎదుటివారి బిడ్డను ఏమీ అనలేని మొహమాటంతో సొంత బిడ్డను రెట్టింపు తిడతారని, దానితో ఇద్దరు పిల్లలకూ అన్యాయమే జరుగుతుందని అన్నారు. "ఆగు" అన్న మాట వినగానే చేతులు వదిలెయ్యాలన్న నియమం రెండిళ్ళలోనూ ఒకటే ఉండాలని, దగ్గర ఎవరుంటే ఆ పెద్దవాళ్ళు ఎవరి బిడ్డకైనా అదే గొంతుతో చెప్పాలని, ఆ మేరకు తల్లులిద్దరూ ముందే ఒకరికొకరు అనుమతి ఇచ్చుకోవాలని సూచించారు. మేము అక్కడే, ఆ బల్ల మీదే, ఇచ్చుకున్నాము. ఇంతలో ఆవిడను లోపలికి పిలిచారు. మేము బయటికి వచ్చేసరికి వెళ్ళిపోయారు.

మావారు, అత్తయ్య, అమ్మ చేసినవి సరే, వారికి వేరే చెప్పనక్కరలేదు.

అన్నట్టు, రసీదు కోసం నేను పరుగెత్తినప్పుడు వరుసలో మా చోటు కాపాడిన కుర్రవాడికి, పాపకు దుప్పటి తెచ్చి ఇచ్చిన రాత్రి డ్యూటీ నర్సుగారికి కూడా ధన్యవాదాలు. మరిచేపోయాను, హడావుడిలో మేము తెరిచి వదిలేసిన తలుపు వేసి తాళం తన దగ్గర ఉంచిన పక్కింటి వదినగారికి కూడా.