ఈ వేసవిలో మన పఫ్‌ల సంగతి

నేను ఇంట్లో వెన్నతో చేసి అమ్మే పఫ్‌ల గురించి ముందు అసలు విషయం చెప్పేస్తా. మార్చి 1 నుంచి ఎగ్ పఫ్ 45 కాదు, 50 రూపాయలు. ఆలూ పఫ్ 40 నుంచి 44. చికెన్ ఖీమా పఫ్ ధర మారట్లేదు. ఏప్రిల్ మొదలు జూన్‌లో వానలు పడేదాకా వేడివేడి పఫ్‌లు ఆదివారం పొద్దున మాత్రమే ఉంటాయి, మిగతా రోజుల్లో కాల్చకుండా ఫ్రీజ్ చేసినవి ఇస్తాను, మీ ఇంట్లో కాల్చుకోవాలి. ఇంతవరకు చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఎందుకు, ఏమిటి అని వాట్సాప్‌లో అడుగుతున్నవాళ్ల కోసం మిగతాది రాస్తున్నా.

ఎక్కువ మంది అడిగింది జీఎస్టీ గురించి. 2025 సెప్టెంబర్ 22న వెన్న మీద పన్ను 12 శాతం నుంచి 5కి దిగింది కదా, మరి పఫ్ ధర తగ్గాలి గానీ పెరగడమేంటి అని. అడగాల్సిన ప్రశ్నే. లెక్క చూడండి, ఒక పఫ్‌లో దాదాపు 17 గ్రాముల వెన్న పడుతుంది. పన్ను తగ్గాక నేను కొనే వెన్న కిలోకి 40 రూపాయల దాకా తగ్గింది. అంటే పఫ్‌కి 70 పైసలు కూడా కాదు. అది నిజంగానే మిగిలింది, కాదనను. కానీ చలికాలంలో గుడ్ల రేటు ఎక్కిన తీరు మీకూ తెలుసు, దానికి తోడు వేసవిలో వచ్చే కరెంటు బిల్లు ఉంది చూశారూ, అసలు టెన్షన్ దానితోనే.

పఫ్‌కీ కరెంటుకీ ఏం సంబంధం అంటే, ఓవెన్ ఒక్కటే కాదు. మైదా ముద్దలో వెన్న పలకని పెట్టి మడతపెట్టడం, కర్రతో సాగదీయడం, ఫ్రిజ్‌లో పెట్టడం, మళ్లీ తీసి మూడు మడతలు వేయడం, ఇదే పని. అయిదుసార్లు మడిస్తే 243 వెన్న పొరలు వస్తాయి, ఆరోసారి మడిస్తే 729. పుస్తకాల్లో ఆరు మడతలు అని రాస్తారు గానీ మన ఎండల్లో ఆరోది వేస్తే వెన్న పిండిలో కలిసిపోతుంది, అందుకే నేను అయిదుతో ఆపేస్తాను. ఈ పని జరిగినంతసేపూ వెన్న 13 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా చల్లగా ఉంటే విరిగి ముక్కలై పిండిని చీల్చుకుని బయటికొస్తుంది, 20 దాటితే మెత్తబడి పక్కల నుంచి కారుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక హైదరాబాద్‌లో ఏ వంటింట్లో 18 డిగ్రీలు ఉంటాయి? మే నెలలో తెల్లవారుజామున నాలుగింటికి కూడా పాతిక పైనే. కాబట్టి హాల్లో ఏసీ పెట్టి, డైనింగ్ టేబుల్ మీద గ్రానైట్ పలక వేసి అక్కడ చేస్తాను. మా ఇంట్లోవాళ్లు దుప్పట్లు కప్పుకుని టీవీ చూస్తుంటారు.

పొరలు విడిపోతేనే పఫ్ పొంగుతుంది. అందులో ఈస్ట్ లేదు, సోడా లేదు. వెన్నలో 16 శాతం దాకా నీళ్లుంటాయి, పిండిలోనూ ఉంటాయి, ఓవెన్ వేడికి ఆ నీళ్లు ఆవిరై పొరల్ని పైకి లేపుతాయి. పొరల మధ్య వెన్న గోడ లేకపోతే ఆవిరి ఎటో పోతుంది, అప్పుడు మిగిలేది మందపాటి బిస్కెట్టు.

ఇక రెండో ప్రశ్న. వేసవి వరకైనా మార్జరిన్ (నూనెలతో చేసే, వెన్నలా ఉండే కొవ్వు) వాడొచ్చు కదా అని. వాడొచ్చు. పఫ్‌ల కోసమే ప్రత్యేకంగా చేసిన మార్జరిన్ దొరుకుతుంది, వెన్న కన్నా బాగా చవక, ఎండలో కూడా గట్టిగా నిలబడుతుంది, దాంతో చేస్తే నాకు ఏసీ ఖర్చూ తగ్గుతుంది. బయట బేకరీల్లో చాలావరకు అదే. దాన్ని విషమని నేను చెప్పట్లేదు, నూనెల్లో కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకి చెడు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి రూలే ఉంది. సాయంత్రం ఇరానీ చాయ్‌తో పాటు ఆ పఫ్ నేనూ తింటాను, ఇష్టంగానే తింటాను. నా ఇబ్బంది రుచితో. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, మన నోట్లో వేడి అంతకంటే ఎక్కువ, అందుకే నోట్లో పెట్టుకోగానే మాయమవుతుంది. ఆ మార్జరిన్ 40 దాటితే గానీ పూర్తిగా కరగదు, అందుకే తిన్నాక అంగిట్లో మైనంలా అంటుకుని ఉంటుంది. వెన్న పఫ్ అని చెప్పి మొదలుపెట్టిన పని ఇది, మూడు నెలల కోసం అది మార్చను. తక్కువ చేస్తాను, అంతే.

ఇప్పుడు ఫ్రీజ్ చేసినవాటి గురించి. ఎగ్ పఫ్ ఇష్టపడేవాళ్లకి ఇది చేదు వార్త: అందులో ఎగ్ పఫ్ ఉండదు. ఉడికించిన గుడ్డుని ఫ్రీజ్ చేస్తే తెల్లసొన రబ్బరులా సాగుతుంది, నీళ్లు వదులుతుంది. ఆలూ, చికెన్ ఖీమా మాత్రమే ఇస్తాను. ఎగ్ పఫ్ కావాలంటే ఆదివారమే. గోంగూర మటన్ పెట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారు, ఆలోచన బాగుంది, చేసి చూస్తున్నాను కూడా, కానీ గోంగూరలో తడి పూర్తిగా ఇగిరేదాకా వేయిస్తే రంగు నల్లబడుతోంది, ఇగరకపోతే పఫ్ అడుగు పచ్చిగా ఉండిపోతోంది. ఓ దారికి వచ్చాకే అమ్ముతాను. లుఖ్మీ (ఖీమా పెట్టిన చదరపు సమోసా లాంటిది) అడిగినవాళ్లకి మాత్రం చెయ్యను అనే చెప్తున్నా, అది నూనెలో వేయించేది, దాని పిండి వేరు, పెళ్లిళ్లలో చేసే ఉస్తాదుల ముందు నా చేయి చాలదు.

కాల్చేటప్పుడు పఫ్‌లని కరగనివ్వకండి, ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా ట్రేలో పెట్టండి. ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) ముందే 200 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి, పైన కాస్త పాలు రాస్తే రంగు వస్తుంది, 25 నుంచి 30 నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తీయొద్దు, ఎంత ఆత్రంగా ఉన్నా సరే, ఆవిరి పోతే పఫ్ కూలబడుతుంది. ఎయిర్ ఫ్రయర్ అయితే 180 దగ్గర 15 నుంచి 18 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. పైన ఎర్రగా కనబడగానే తీసేయకండి, పక్క పొరలు కూడా పాలిపోయినట్టు లేకుండా గోధుమ రంగుకి రావాలి. మైక్రోవేవ్‌లో పెట్టి మెత్తగా వచ్చిందని నాకు ఫొటో పంపితే నేనేమీ చేయలేను. నిన్నటి పఫ్‌ని వేడి చేయాలన్నా అంతే, ఓటీజీలో అయిదు నిమిషాలు చాలు.

ఆదివారం డెలివరీ గురించి ఒక్క మాట. వేడి పఫ్‌ని మూత బిగించిన డబ్బాలో పెడితే పది నిమిషాల్లో చెమట పట్టి కరకర పోతుంది. అందుకే నా పెట్టెలకి చిల్లులుంటాయి, అవి ఎలుకలు కొట్టినవి కావు (నిజంగా అడిగారండీ). దగ్గర్లో ఉన్నవాళ్లు ఏడున్నర నుంచి తొమ్మిదిలోపు వచ్చి తీసుకెళ్తే అన్నిటికన్నా మంచిది. దూరం పంపేవి పావుగంట చల్లారాకే పెట్టెలో పెడతాను, కాబట్టి చేతికి గోరువెచ్చగా వస్తాయి, వేడిగా రాలేదని అనుకోకండి.

ఆదివారం పఫ్‌లకి శుక్రవారం రాత్రి ఎనిమిదిలోపు చెప్పాలి. శనివారమంతా మడతలే, ఆ రోజు మధ్యాహ్నం అడిగితే పెంచే వీల్లేదు. ఫ్రీజ్ చేసినవి ఆరింటి ప్యాకెట్, ఆలూ 228, చికెన్ 330, కాల్చే ఖర్చు నాది కాదు కాబట్టి ఒక్కోటి కాల్చినదాని కంటే తక్కువే పడుతుంది. ఇంటికి తీసుకెళ్లగానే ఫ్రీజర్‌లో పెట్టేసి నెల లోపు తినేయండి. ఇప్పటికే డబ్బు కట్టి మార్చి నెలకి ఆర్డర్ పెట్టినవాళ్లకి పాత ధరే.