మన ‘వచ్చేదాన్ని’ ఉండగా ‘వుడ్ హేవ్’ ఎందుకండీ

ఎడిటర్ గారికి నమస్తే,

రెండు ఆదివారాల కిందట మీ చదువుల పేజీలో ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళ కోసమని కొందిస్యొనెల్ పాసే (జరగాల్సి ఉండీ జరగనిదాన్ని చెప్పే క్రియారూపం లెండి) మీద ఒక పట్టిక వేశారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే. ముందు తప్పు సంగతి చెప్పేస్తా. రెండో లైన్లో "సి జొరే స్యు, జ సెరే వెన్యు" అని అచ్చయింది, అది "సి జవే స్యు" అని ఉండాలి. "నాకు తెలిసుంటే వచ్చేదాన్ని" అని దానర్థం. ‘సి’, అంటే మన ‘ఉంటే’, అన్న వైపు ప్లుస్-కె-పర్ఫే (అంతకుముందే జరిగిపోయినదాన్ని చెప్పే రూపం) రావాలి, రెండో వైపే కొందిస్యొనెల్ రావాలి. ఈ తప్పు ఫ్రాన్స్ లో పిల్లలు కూడా చేస్తారు లెండి, అక్కడి టీచర్లు "సి లకీ రే లకీ పడదు" అని (‘రే’ అంటే కొందిస్యొనెల్ తోక) బళ్ళోనే నూరిపోస్తారు, కాబట్టి మీ డెస్క్ వాళ్ళని ఒక్కళ్ళనే అనడానికి లేదు.

నా అసలు గొడవ ఆ పట్టిక పైన పెట్టిన ఫార్ములాతో. "వుడ్ హేవ్ ప్లస్ థర్డ్ ఫామ్" అని రాసి పైన ఎర్ర గీత కూడా గీశారు. నేను కాకినాడలో పదకొండేళ్ళుగా ఫ్రెంచి ట్యూషన్ చెప్తున్నా. ఒకప్పుడు ఇంటర్ పిల్లలే వచ్చేవాళ్ళు, స్కోరింగ్ సబ్జెక్ట్ అని సెకండ్ లాంగ్వేజీ కింద తీసుకుని పరీక్షవగానే మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడు సగం మంది కెనడా వెళ్ళాలనుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళే, 2023 నుంచి అక్కడ పీఆర్ కి, అంటే శాశ్వత నివాసానికి, ఫ్రెంచి బాగా వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు తీస్తున్నారు కదా, దాంతో ముప్పై అయిదేళ్ళ వాళ్ళు కూడా ఆఫీసయ్యాక రాత్రి తొమ్మిదింటికి ఆన్‌లైన్లో కూర్చుని క్రియలు వల్లె వేస్తున్నారు. వీళ్ళందరూ తెలుగులో ఆలోచించి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషుని ఫ్రెంచిలోకి మారుస్తారు. మధ్యలో ఆ ఇంగ్లీషు స్టేషన్లో దిగి బండి మారడం ఎందుకు? డైరెక్ట్ బండి ఉంది కదా మనకి.

చూడండి, "వచ్చి ఉండేదాన్ని" అంటాం. ‘వచ్చి’ ఒక ముక్క, ‘ఉండు’ సాయం చేసే క్రియ, చివర ‘ఏదాన్ని’. ఫ్రెంచిలో "సెరే వెన్యు" కూడా అదే, ‘ఉండు’ అనే అర్థమొచ్చే ఎత్ర్ నుంచి ‘సెర్’, దానికి ‘ఏ’, ఆ తర్వాత ‘వచ్చిన’ అనే ముక్క ‘వెన్యు’. వరస మాత్రం తిరగబడుతుంది, మనకి సాయం చేసేవాడు వెనకొస్తాడు, వాళ్ళకి ముందొస్తాడు. ఇంకో ముచ్చట, మనం "చిన్నప్పుడు రోజూ యానాం వెళ్ళేదాన్ని" అంటాం, "సెలవిచ్చుంటే వెళ్ళేదాన్ని" అనీ అంటాం, మొదటిది నిజంగా జరిగింది, రెండోది జరగలేదు, అయినా మాట ఒక్కటే. ఫ్రెంచిలో కూడా అలవాటుగా జరిగినదానికి వాడే ఎఁపర్ఫే చివర ఏ తోకలుంటాయో కొందిస్యొనెల్ చివరా అవే తోకలు. ఇంగ్లీషు దారిలో వెళ్ళేవాడు ఆ తోకల్ని రెండుసార్లు బట్టీ పట్టాలి, తెలుగువాడికి ఒకసారి "వెళ్ళేదాన్ని" అని గుర్తు చేస్తే చాలు.

ఇంకా గొప్పది ఆడా మగా తేడా. "ఐ వుడ్ హేవ్ కమ్" అన్నది ఎవరో ఇంగ్లీషులో తెలీదు. "వచ్చేవాణ్ణి" అంటే మగాడు, "వచ్చేదాన్ని" అంటే ఆడమనిషి. ఫ్రెంచిలో ఈ ‘వచ్చు’ లాంటి క్రియలకి సరిగ్గా ఇదే, నేను రాస్తే ‘వెన్యు’ చివర ఒక ‘ఈ’ అక్షరం ఎక్కువ పెట్టాలి, మా ఆయన రాస్తే అక్కర్లేదు. ఆ ‘ఈ’ పలకదు కాబట్టి అందరూ మర్చిపోతారు, "అమ్మా నువ్వు తెలుగులో వచ్చేవాణ్ణి అంటావా" అని ఒక్కసారి అడిగితే మళ్ళీ మర్చిపోరు, పదకొండేళ్ళుగా చూస్తున్నా.

ఎత్ర్ బదులు అవ్వార్ ని, అంటే ‘కలిగి ఉండు’ని, సాయం తీసుకునే క్రియలకి వస్తే క్లాసులో నవ్వులే నవ్వులు. నేను, నువ్వు, అతను, వాళ్ళు, నలుగురికీ రాతలో చివర ఎస్, ఎస్, టీ, ఈఎన్టీ అని మార్పులుంటాయి గానీ చెవికి వినపడేది ఒకటే, "ఒరే". జొరే, త్యు ఒరే, ఇల్ ఒరే, ఇల్జొరే. "మేడమ్ మమ్మల్నేనా పిలిచేది" అని ఒకడు ప్రతి బ్యాచ్ లోనూ అడుగుతాడు. పాపం మేము, మీరు మాత్రమే కాస్త మర్యాదగా నుజొరియోఁ, వుజొరియే అనిపించుకుంటారు.

తెలుగు దారిలో గుంటలు లేవని నేననను. మనకి ఏ క్రియకైనా ‘ఉండు’ ఒక్కటే సాయం, తిని ఉండేవాణ్ణి, చూసి ఉండేవాణ్ణి, వెళ్ళి ఉండేవాణ్ణి. ఫ్రెంచిలో ఎత్ర్ ని సాయం తీసుకునేవి వెళ్ళడం, రావడం, పుట్టడం, చావడం, పడడం లాంటి కొన్నీ, ఇంకా లేవడం, స్నానం చెయ్యడం లాంటి తన మీద తాను చేసుకునే పనులూ, మిగతావన్నీ అవ్వార్ కే. ఇది చెప్పకుండా వదిలేస్తే పిల్లాడు "జ సెరే మాఁజే" అని రాసేస్తాడు, తినుండేవాణ్ణి అనుకుని. దానర్థం "నన్ను తినేసేవాళ్ళు" అని! పులి నోట్లో తల పెట్టాక చెప్పాల్సిన మాట అది. మీ పట్టికలో ఈ హెచ్చరిక కదా ఉండాల్సింది.

ఇంక మీలాంటి పత్రికవాళ్ళకి బాగా దగ్గరి విషయం. ఫ్రెంచి పేపర్లలో ఖరారు కాని వార్తకి కూడా ఇదే కొందిస్యొనెల్ పాసే వాడతారు. "లె మినిస్త్ర్ ఒరే దెమిసియొన్నే" అంటే "మంత్రి రాజీనామా చేసి ఉండేవాడు" అని కాదు, "మంత్రి రాజీనామా చేశారట" అని. చూశారా, మన ‘ట’! మీ రిపోర్టర్లు "సమాచారం", "తెలిసింది", "భోగట్టా" అని రాసే చోటల్లా వాళ్ళు ఒక ‘ఒరే’ పడేసి ఊరుకుంటారు. వుడ్ హేవ్ బట్టీ పట్టినవాడు "అగ్నిప్రమాదంలో ముగ్గురు సెరే మోర్" అనే వార్త చదివి, పోయుండేవాళ్ళే గానీ బతికిపోయారన్నమాట అనుకుంటాడు, అక్కడేమో ముగ్గురు చనిపోయారట అని రాసుంటుంది. అర్థం పూర్తిగా తలకిందులు. కెనడా కోసం రాసే టెఫ్ అనే ఫ్రెంచి పరీక్షలో రాత పేపరు మొదటి భాగమే ఒక చిన్న వార్త మొదలుపెట్టి ఇచ్చి కనీసం 80 మాటల్లో మిగతాది పూర్తి చెయ్యమనడం, అక్కడ ఈ ‘ట’ పట్టుబడినవాడి రాత చూస్తే పేపరు చదివే అలవాటున్న మనిషి అని తెలిసిపోతుంది. రెండో భాగం ఏంటో తెలుసాండీ, పత్రికకి ఉత్తరం రాయడం, కనీసం 200 మాటలు. ఇన్నేళ్ళుగా పిల్లలచేత పత్రికలకి ఉత్తరాలు రాయిస్తున్న నేను నిజం పత్రికకి రాయడం మాత్రం ఇదే మొదలు, 200 ఎప్పుడో దాటిపోయానని తెలుసు, మీరు కత్తిరించుకోవచ్చు.

ఈ క్రియారూపం మీద నాకింత మమకారం ఎందుకంటే అది మా ఇంట్లో ఫ్రెంచి రాకముందే ఉంది. మా తాతగారిది యానాం. 1954 జూన్ లో యానాం ఫ్రెంచి వాళ్ళ చేతిలోంచి మనవాళ్ళ చేతికొచ్చింది గానీ కాగితాల మీద అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత ఆరు నెలల్లోగా రాసిచ్చినవాళ్ళు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చన్నారు. తాతగారు రాసివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పే రకం కాదు. మామ్మ మాత్రం గోదావరి పొంగి వీధిలోకి నీళ్ళొచ్చిన ప్రతిసారీ మంచం మీద సామాన్లు ఎక్కిస్తూ "ఆ రోజు సంతకం పెట్టుంటే ఈపాటికి పారిస్ లో ఉండేవాళ్ళం కదండీ" అనేది. ఆయన చుట్ట తీసి "అత్తకి మీసాలొస్తే మామా అంటారే" అనేవారు. చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసింది, ఫ్రెంచిలో కూడా అత్తనీ మామనీ పెట్టి ఇదే సామెత ఉంది, కాకపోతే వాళ్ళ సామెతలో అత్తకి లేనిది మీసాలు కాదు, అదేంటో క్లాసులో చెప్పను. మర్యాదైనది కావాలంటే "సి లతో పారిస్ ని సీసాలో పెట్టేయొచ్చు" అన్నది ఒకటుంది, అది చెప్తా.

కొత్త బ్యాచ్ కి నా మొదటి ఉదాహరణ ఇప్పటికీ అదే, "సి మోఁ గ్రాఁ పేర్ అవే ఒప్తే, జొరే గ్రాఁదీ ఆఁ ఫ్రాఁస్." మా తాత ఆ కాగితం రాసిచ్చుంటే నేను ఫ్రాన్స్ లో పెరిగేదాన్ని. పక్కనే తెలుగు వాక్యం రాసి, ‘రాసిచ్చుంటే’ కింద ఒక గీత, ‘పెరిగేదాన్ని’ కింద ఒక గీత గీస్తా. ‘ఉంటే’ వైపు ఎవరైనా ‘ఏదాన్ని’ పెడతారా? "రాసిచ్చేదాన్నుంటే" అని ఏ తెలుగువాడైనా అంటాడా? అనడు. మీ పట్టికలో తప్పు పడిందే ఇక్కడ, తెలుగులో ఆలోచించుంటే పడేది కాదు.

కాబట్టి రెండు పనులు చెయ్యండి. ఈ ఆదివారమే సవరణ వెయ్యండి, ఎంత చిన్న అక్షరాలైనా పర్లేదు, రెండో లైన్లో ‘జొరే స్యు’ తీసి ‘జవే స్యు’ అని. నా విద్యార్థులు ఇద్దరు ఆ పట్టిక కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు, వచ్చే నెలలోనే వాళ్ళ పరీక్ష. తర్వాతి పట్టిక వేసేటప్పుడు ఇంగ్లీషు గడి పక్కన తెలుగు గడి ఒకటి పెట్టండి, చోటు లేకపోతే ఇంగ్లీషు గడి తీసేయండి.

ఇట్లు,
ఒక ఫ్రెంచి ట్యూషన్ టీచర్,
కాకినాడ