కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: మా ప్రతినిధులకు చట్టం నేర్పించండి

కమిషనర్ గారూ, నమస్కారం.

జీడిమెట్ల, పాశమైలారం లాంటి పారిశ్రామికవాడల్లో యూనియన్ ప్రతినిధి అంటే షిఫ్ట్ దిగి గ్రీజు చేతులతోనే ఫైలు పట్టుకొని మీ ఆఫీసుకు వచ్చే మామూలు కార్మికుడు. ఎదురుగా హెచ్‌ఆర్ వాళ్లు, వాళ్ల వెనకాల లా చదివిన సలహాదారు.

అసలు దెబ్బ అంతకు ముందే, కార్మికుడి మీద కంపెనీ తనే లోపల జరిపే విచారణలో, అంటే డొమెస్టిక్ ఎంక్వైరీలోనే పడుతోంది. చార్జిషీటు అందగానే టెన్షన్‌తో "క్షమించండి, ఇంకోసారి జరగదు" అని రాసిచ్చేస్తారు, అది తప్పు ఒప్పుకున్నట్టే లెక్కలోకి పోతుంది. సాక్షిని ఎదురు ప్రశ్నలు అడగొచ్చని, కాగితాల కాపీలు అడిగి తీసుకోవచ్చని తోడు కూర్చున్న ప్రతినిధికే తెలియకపోతే, ఆ రికార్డే రేపు కోర్టులో కార్మికుడి మెడకు చుట్టుకుంటుంది.

పైగా 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. ఉద్యోగం పోయినవాళ్లు కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. ఇవి షాప్ ఫ్లోర్‌లో, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

నోయిడాలో శిక్షణ ఇవ్వడానికి వి.వి. గిరి గారి పేరున జాతీయ కార్మిక సంస్థ ఉంది, సంతోషమే, కానీ సెలవే దొరకని మనిషి అంత దూరం ఎలా వెళ్తాడు? ఇక్కడే, పారిశ్రామికవాడల్లోనే, తెలుగులో, ఆదివారాలు క్లాసులు పెట్టండి. ఉత్తుత్తి ఎంక్వైరీలు జరిపి మరీ నేర్పించండి. చెప్పడానికి రిటైరైన లేబర్ ఆఫీసర్లను పిలవండి.