గేటు చిట్టా ఎవరి చేతిలో ఉంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ విజయనగరం జిల్లా పేజీలో మా కాలనీ గేటుకి పెట్టిన నంబరు ప్లేటు కెమెరా ఫొటో వేశారు. దాని పక్కన నవ్వుతూ నిలబడ్డ పెద్దల్ని కూడా వేశారు. రిబ్బను ఎవరు కత్తిరించారో, శాలువా ఎవరికి కప్పారో రాశారు గానీ, ఆ కెమెరా చదివిన నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయో ఒక్క ముక్క రాయలేదు. ఎవరైనా అడుగుతారేమోనని నాలుగు రోజులు ఆగాను. ఎవరూ అడగలేదు.

నేను కెమెరాలకు వ్యతిరేకిని కాదు. గంటస్తంభం దగ్గర బండి పెట్టి, కూరలు కొని వచ్చేసరికి బండి మాయమైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పోయింది నాదే, ఇప్పటికీ దొరకలేదు. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజున మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసకేస్తే రాలని జనంలో పోలీసులకు కెమెరాలు ఉండాల్సిందే.

కానీ గేటుకి పెట్టింది ఆ రకం కాదు. మామూలు కెమెరా బొమ్మ తీసి ఊరుకుంటుంది, కొన్నాళ్లకి పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. ఇది మాత్రం ప్రతి బండి నంబరూ చదివి, పక్కన తేదీ, టైము వేసి దాస్తుంది. నా నంబరు కొడితే చాలు, నేను ఎప్పుడెళ్లానో ఎప్పుడొచ్చానో వరసగా వచ్చేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా హోల్‌సేల్ కిరాణా కొట్లో గుమస్తాని, చిట్టా అంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు. మా చిట్టాలో బాకీ ఉన్నవాడి పేరే ఉంటుంది, తీరగానే గీత కొట్టేస్తాం. గేటు చిట్టాలో ఎవరికీ బాకీ లేనివాడు కూడా ఉన్నాడు, గీత కొట్టేవాడు మాత్రం లేడు. పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందని అడిగితే కమిటీలో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు.

పెట్టి రెండు వారాలైనా కాలేదు, మా వీధి అమ్మాయి స్కూటీ రాత్రి రెండున్నరకి లోపలికి వచ్చిందని ఫొటోతో సహా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద పదకొండు బొటనవేళ్లు. ఆ అమ్మాయి నర్సు, నైట్ డ్యూటీ దిగి వచ్చింది. వాళ్ల నాన్న వెళ్లి అడిగితే "సెక్యూరిటీ కోసమే కదండీ" అన్నారట. ఎవరి సెక్యూరిటీ? దొంగలు ఆ గ్రూపులో ఉన్నారా?

నేనూ వెళ్లి అడిగాను. "తప్పు చేయనోడికి భయమేటండీ బాబూ?" అన్నాడో కమిటీ పెద్దమనిషి. ఆయన ఇంటికి నాలుగు కిటికీలుంటే నాలుగింటికీ కర్టెన్లున్నాయి. ఎందుకని నేనేమైనా అడిగానా?

తప్పు చేయకపోయినా ఏమవుతుందో నాకు అనుభవమే. నిరుడు నా పేరిట ఓ చలానా వచ్చింది, హెల్మెట్ లేదట. ఫొటోలో ఎవరో కుర్రాడు, ఎర్ర మోటారుసైకిలు. నాది బూడిద రంగు స్కూటరు. వాడి ప్లేటు చివర 8 మీద మట్టి కొట్టుకుంటే కెమెరా 3 అని చదువుకుంది, ఆ 3 నాది. అది సరిచేయించడానికి మూడు పూటలు సెలవు పెట్టి, మూడు కిటికీల దగ్గర నిలబడ్డాను. చివరికి ఒకాయన "కట్టేస్తే అయిపోద్ది కదా" అని సలహా ఇచ్చాడు. గుమస్తా అంకె తప్పు రాస్తే యజమాని జీతంలో కోస్తాడు. మెషీను తప్పు చదివితే కోత మనకే.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఒక్క మాటగా చెప్పారు. రోడ్డు మీద జరిమానాల కోసం కెమెరా పెడితే ముందుగా జనానికి కనిపించేలా బోర్డు పెట్టాలని 2021లో మోటారు వాహనాల నిబంధనల్లోనే చేర్చారు. మా గేటు దగ్గర బోర్డు ఉంది, రియల్ ఎస్టేట్ వాళ్లది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు గానీ, తమ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే సందు ప్రభుత్వం అందులోనే ఉంచుకుంది. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు చెప్పాడు, అక్కడా కాలనీలకు ఇవే కెమెరాలు, ఇవే తగాదాలట. న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంలో అయితే, పోలీసులు వెతుకుతున్న బండి కాకపోతే చదివిన నంబరుని మూడు నిమిషాల్లో చెరిపేయాలని చట్టమే ఉంది. మా కమిటీ వారు మూడేళ్లకైనా చెరుపుతారో లేదో.

అన్నట్టు, మా రెండో వీధి స్తంభానికి ఆరు నెలలుగా లైటు లేదు. అర్జీ ఇస్తే నిధులు లేవన్నారు. కెమెరాకి చందాలు వారంలో వసూలయ్యాయి. మనిషి కాలవలో పడితే కనిపించకపోయినా ఫర్వాలేదు, బండి నంబరు మాత్రం చీకట్లో కూడా కనిపించాలి! కుక్కల గురించి, చెత్త బండి గురించి రాస్తే మీ పేజీ చాలదు. ఏపీ 35 అని కనిపిస్తే మన జిల్లా బండని సంబరపడిన రోజులున్నాయి. 2019లో జిల్లా నంబర్లు తీసేసి రాష్ట్రమంతటికీ ఒకే 39 పెట్టాక ఆ ముచ్చటా పోయింది. మనకి ఏ ఊరి బండో తెలియదు, కెమెరాకి మాత్రం ఏ ఇంటిదో తెలిసిపోతోంది.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. నంబర్లు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూడొచ్చు, తప్పు పడితే ఎవరికి చెప్పాలి, ఈ మూడూ కాగితం మీద రాసి గేటుకి అంటించమనండి. మా కొట్లో లైసెన్సు గోడకి తగిలించకపోతే అధికారులు ఊరుకోరు కదా. ఆ కాగితం అంటించిన రోజున మళ్లీ మీ ఫొటోగ్రాఫరుని పంపండి. శాలువా ఖర్చు నాది.

ఇట్లు,
ఒక గుమస్తా,
దాసన్నపేట, విజయనగరం