లాం ఫారం మేనేజర్ల చరిత్ర రాయించండి

శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

అయ్యా, గుంటూరు పక్కన ఒంగోలు పశువుల మందను పెంచే లాం పశు పరిశోధన స్థానం (లాం ఫారం) గురించి ఈ ఉత్తరం. ఒంగోలు జాతి అనగానే మనవాళ్లు బ్రెజిల్ మాటెత్తుతారు. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి ఆబోతు అక్కడికెళ్లిన సంగతి, ఆ దేశంలో ఈ జాతిని నెల్లోర్ అంటారన్న సంగతి రచ్చబండ మీద ఎవర్నడిగినా చెబుతారు. ఇక్కడ మందను నిలబెట్టిన మేనేజర్ల పేర్లు మాత్రం ఎవరి నోటా రావు.

మేనేజరు పనంటే గడ్డి, దాణా లెక్కలే కాదు. ఏ ఆవుకు ఏ ఆబోతు, ఎప్పుడు చూడి కట్టింది, దూడ పుట్టినప్పుడు ఎన్ని కిలోలు, పూటకు పాలెన్ని, అన్నీ చెవి నంబరు వారీగా రాయాలి. తల్లి పాల లెక్క తెలియకపోతే, మూపురం ఎంత రాజసంగా ఉన్నా ఆబోతు వీర్యానికి విలువ కట్టలేం. (బండలాగుడు పందాల వాళ్లు ఒప్పుకోరనుకోండి!) మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యపు స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాగితానికి ఆ యోగం లేదు, చెదలు పడతాయి.

పాత రిజిస్టర్లు స్కాన్ చేయించి రైతులకు అందుబాటులో పెట్టించండి. రిటైరైన మేనేజర్లనూ, పాలు పితికిన పనివాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించండి. జెర్సీ సంకరం ఊపులో మనం ఒంగోలు ఆవుల్ని ఎందుకొదిలేశామో కూడా వాళ్ల నోటే వినాలని ఉంది.

ఇట్లు,
తాడికొండ మండలం పాడి రైతు