ఫిట్స్ ఆగాయా అని అడిగేవారు నడక గురించీ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

మూర్ఛకు చికిత్స పొందుతున్న వారిని వైద్యులైనా, ఇంటివారైనా మొదట అడిగేది "ఫిట్స్ మళ్లీ వచ్చాయా?" అనే. రాలేదంటే మందు బాగా పనిచేస్తోందని ఊరటపడి, అవే మాత్రలు మళ్లీ రాయించుకుని వస్తారు. ఆ ఊరట సహజమైనదే. కానీ అదే మనిషి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడా, మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు ఎదురుగా ఉన్నది రెండుగా కనిపిస్తోందా, పిలిస్తే పలకడానికి ఇదివరకటి కంటే ఎక్కువ సేపు పడుతోందా అన్నవి చాలాసార్లు ఎవరూ అడగరు. అడగరు కనుక రోగీ చెప్పడు; నీరసమనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకుంటాడు. మా ఇంట్లో ఒకరు ఏళ్ల తరబడి ఈ మందులు వాడుతున్నందున దీన్ని దగ్గరగా చూస్తున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మూర్ఛ మందుల్లో ఎక్కువ భాగం నాడీకణాల అతి ఉద్రేకాన్ని అణచడం ద్వారా పనిచేస్తాయి. అయితే ఫిట్స్ పుట్టే చోటునే వెతికి అక్కడే ఆగే శక్తి వాటికి లేదు. మెదడంతటితో పాటు, శరీరాన్ని నిలకడగా ఉంచుతూ కళ్ల కదలికనూ అడుగునూ జతపరిచే చిన్నమెదడుకూ అవి చేరతాయి. తూలడం, చూపు చెదరడం, మాట ముద్దగా రావడం అక్కడి నుంచి మొదలవుతాయి.

1938లో మూర్ఛను అణచే గుణం బయటపడిన ఫెనిటాయిన్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. రక్తంలో ఒక మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల దాకా దీని పరిమాణం సరైనదని సాధారణంగా లెక్కిస్తారు. 20 దాటితే కనుగుడ్లు పక్కలకు అదరడం, 30 దాటితే నడకలో తూలు, 40 దాటితే మగత, అయోమయం కనిపించవచ్చు. మనిషిని బట్టి ఈ హద్దులు కొంత మారతాయి. ఈ మందును విరిచే కాలేయపు ఎంజైముల సామర్థ్యానికి ఒక పరిమితి ఉంది. ఆ పరిమితి దగ్గరపడ్డాక మోతాదును కాస్త పెంచినా రక్తంలో పరిమాణం ఒక్కసారిగా ఎక్కిపోతుంది కనుక, నిన్నటి దాకా మామూలుగా నడిచిన మనిషి చిన్న మార్పుతోనే కొన్నాళ్లలో తూలిపోవచ్చు. మందును అంటిపెట్టుకునే ఆల్బుమిన్ అనే ప్రోటీను రక్తంలో తక్కువగా ఉన్నవారిలో మొత్తం పరిమాణం సరిగానే ఉన్నట్లు రిపోర్టు వచ్చినా, ఆ ప్రోటీనుకు అంటుకోకుండా పనిచేసే భాగం ఎక్కువై ఇవే లక్షణాలు రావచ్చు. ఇలా తూలే మనిషిని తాగి ఉన్నాడని చుట్టుపక్కల వారు అనుమానించడం కంటే బాధాకరమైనది మరొకటి లేదు.

కార్బమజెపిన్ అనే మరో మూర్ఛ మందు విషయంలో వేళను గమనించాలి. మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు కళ్లు తిరిగి, తరవాత సర్దుకుంటుంటే, రక్తంలో మందు శిఖరానికి చేరినప్పుడే ఇబ్బంది కలుగుతోందని అర్థం. మోతాదును విడగొట్టడం, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రకు మారడం వంటివి చాలామందికి మేలు చేస్తాయి. వేరే జబ్బుకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే కార్బమజెపిన్ పరిమాణం పెరుగుతుంది. మూర్ఛ మందుల్లోనే ఒకటైన వాల్ప్రోయేట్ తోడైతే, మరొకటైన లామోట్రిజిన్ పరిమాణం దాదాపు రెట్టింపు కావచ్చు. జలుబుకు కొనుక్కునే మగత మాత్రలు, మద్యం కూడా ఈ భారానికి తోడవుతాయి. అందుకే ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా మూర్ఛ మందుల పేర్లు ముందుగా చెప్పాలి.

ప్రతిస్పందన వేగం తగ్గడం తూలులా పైకి కనిపించదు కనుక నాకు అదే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. ఫినోబార్బిటాల్, క్లోబజామ్, క్లోనజెపామ్ వంటి మూర్ఛ మందులు మగతను కలిగిస్తాయి, టోపిరమేట్ కొందరిలో ఆలోచనను మందగింపజేస్తుంది. కొన్నాళ్లకు రోగి దానికి అలవాటుపడి తాను చురుకుగానే ఉన్నానని నమ్ముతాడు, కానీ ఆ నమ్మకమే కొలత కాలేదు. స్పందన అర సెకను ఆలస్యమైతే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఆలోగా 8 మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోతుంది. వాహనం నడపడం, యంత్రాల దగ్గర పనిచేయడం, ఎత్తులెక్కడం వంటివి ఫిట్స్ ఆగాయన్న ఒక్క ఆధారంతో నిర్ణయించుకోకుండా, మందు మార్చినప్పుడల్లా వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవాలి. మందగింపు అంతటికీ మందే కారణమనీ చెప్పలేం. మూర్ఛ వ్యాధికీ, నిద్రలేమికీ అందులో వాటా ఉంటుంది.

పెద్దవయసు వారి సంగతి మరింత సున్నితమైనది. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపిన్ దీర్ఘకాలం వాడితే విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడవచ్చు. పడిపోయే అవకాశమూ, పడితే ఎముక విరిగే అవకాశమూ ఒకే మనిషిలో కలుస్తాయన్న మాట.

ఇది చదివి ఎవరూ మందు మానకూడదని చేతులు జోడించి కోరుతున్నాను. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. తూలు ఏ వేళకు, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి వస్తోందో రాసిపెట్టుకుని వైద్యుడికి చూపించాలి; అవసరమైతే రక్తపరీక్ష, మోతాదు మార్పు ఆయనే నిర్ణయిస్తారు. వాంతులతో పాటు నిలబడలేనంత తూలు కొత్తగా వస్తే మాత్రం తరవాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యులు కూడా రోగిని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడి పంపకుండా, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ సరళరేఖలో నాలుగడుగులు వేయించి చూడాలనీ, మీ ఆరోగ్య పుటలో నాడీవైద్య నిపుణుల చేత దీనిపై వివరంగా రాయించాలనీ మనవి.

— ఒక పాఠకురాలు